పేపర్‌లోంచి నల్లగొండను తీసెయ్యాలా?

ప్రశ్న: మేడమ్, పత్తి ధరకూ అంతర్జాతీయ వాణిజ్యానికీ ఉన్న సంబంధం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. మునుగోడు వైపు ఊళ్లు తిరిగి రాసిన పేపర్‌ను ఒక విదేశీ జర్నల్ రివ్యూకు కూడా పంపకుండా తిప్పి పంపింది. 'ఒక జిల్లా సంగతి మా పాఠకులకు పనికిరాదు' అన్నారు. ఇంతలో ఎవరో ఫోన్ చేసి, డబ్బు కడితే వారంలో అచ్చువేస్తామంటున్నారు. ఒకటే టెన్షన్. నల్లగొండ పేరు తీసేసి 'భారతదేశం' అని పెట్టనా?
– ఒక పరిశోధక విద్యార్థిని, చండూరు

జవాబు: వద్దమ్మా, తీయకండి. ఆ ఫోన్ చేసినవాళ్లకు రూపాయి కూడా ఇవ్వకండి. వారంలో అచ్చయ్యే పేపర్‌ను ఎవరూ సరిగా చదివి ఉండరు. రేపు ఇంటర్వ్యూలో అదే మీ మెడకు చుట్టుకుంటుంది.

దేశాల మధ్య వాణిజ్యాన్నీ డబ్బునూ రాజకీయాలతో కలిపి చూసే మీ రంగం, అంతర్జాతీయ రాజకీయ ఆర్థికశాస్త్రం, చాలాకాలం రెండు దేశాల మధ్య ముచ్చటగానే నడిచింది. అమెరికాలో 1947 నుంచి ఉన్న 'ఇంటర్నేషనల్ ఆర్గనైజేషన్' జర్నల్ ఒక పక్క, 1994లో బ్రిటన్‌లో మొదలైన 'రివ్యూ ఆఫ్ ఇంటర్నేషనల్ పొలిటికల్ ఎకానమీ' ఇంకో పక్క. 2007లో అమెరికా పండితుడు బెంజమిన్ కోహెన్ ఈ రెండు ధోరణుల తేడా మీద రాస్తే పెద్ద చర్చే జరిగింది. అందులో మన వాటా ఎంత? మన సంపద ఇంగ్లండుకు ఎలా తరలిపోయిందో దాదాభాయి నౌరోజీ లెక్కలతో సహా 1901లోనే పుస్తకం వేశారు. అయినా ఈ శాస్త్రం పుట్టుక చెప్పేటప్పుడు ఆయన పేరు ఎత్తేవాళ్లు తక్కువ. నాకు ఇది ఇప్పటికీ మింగుడుపడదు.

మార్పు మాత్రం మొదలైంది. 2021లో ఆ బ్రిటన్ జర్నలూ, 'న్యూ పొలిటికల్ ఎకానమీ'యూ కలిసి, ఈ రంగం చూడకుండా వదిలేసిన విషయాల మీదే ప్రత్యేక సంచికలు తెచ్చాయి. వలసపాలన, జాతి వాటిలో ఉన్నాయి. మీ పేపర్ ఆ చర్చకు జవాబుగా మొదలవ్వాలి. మొదటి పేజీలో జిల్లా వర్ణన పెడితే సంపాదకులు అక్కడే ఆగిపోతారు.

2025 ఆగస్టుతో మొదలుపెట్టండి. అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచిన నెల అది. అదే నెలలో కేంద్రం పత్తి దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకం ఎత్తేసి, తర్వాత ఆ మినహాయింపును డిసెంబరు 31 దాకా పొడిగించింది. సరిగ్గా మన చేలల్లో పత్తి ఏరే రోజులవి. 2025-26లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. కానీ ఆ ధరకు కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ (కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) కేంద్రంలో తేమ మీటరు కుప్పలో గుచ్చితే తేమ 12 శాతం దాటిందా, ఆ పత్తిని కొనరు. వాన పడిన ఏడాది ఆ బండి ఎటు పోతుంది? ప్రైవేటు వ్యాపారి దగ్గరికే, ఆయన చెప్పిన ధరకే. వాషింగ్టన్, ఢిల్లీ నిర్ణయాల బరువు చివరికి ఎవరి మీద పడుతోందో ఆ బండి దగ్గరే తెలుస్తుంది. మునుగోడులో మీరు చూసింది అదే కదా! దాన్నే వాదన చేయండి.

పంపేముందు ఒక మాట. చాలా పెద్ద జర్నళ్లలో చందా పద్ధతిలో అచ్చయితే రచయిత ఏమీ కట్టనక్కర్లేదు, ఎవరైనా ఉచితంగా చదివేలా (ఓపెన్ యాక్సెస్) పెట్టాలని కోరుకుంటేనే ఫీజు. పాత సంచికల కోసం మీ యూనివర్సిటీ లైబ్రరీలో 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' లాగిన్ అడగండి, జర్నళ్లు చదివేందుకు కేంద్రం చందా కట్టే పథకం అది. ప్రభుత్వ విద్యాసంస్థలకు 2025 నుంచి అందుతోంది.