రాగి బుల్లెట్లకు మారుతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఈ సీజను నుంచి సీసం మానేసి రాగి బుల్లెట్లు వాడతానని, తూటాలు కూడా నువ్వే నింపుకుంటానని రాశావు. చాలా సంతోషం. నీ ప్రశ్నలన్నీ కలిపి చూస్తే అసలు అడిగింది ఒకటే. ఇన్నాళ్లూ నీ థర్టీ-నాట్-సిక్స్ (.30-06) రైఫిల్‌లో వాడిన 180 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్, పౌడర్ తూచే చిన్న కొలత) సీసపు బుల్లెట్ తీసేసి, అదే బరువున్న రాగి బుల్లెట్ పెట్టి, అంతే పౌడర్ (తుపాకిమందు) పోస్తే సరిపోతుందా అని. సరిపోదురా. ఎందుకు సరిపోదో వివరంగా రాస్తున్నాను. అది తెలిస్తే ఏ బరువు కొనాలి, ఎంత పౌడర్ పొయ్యాలి, ఎంత దూరం దాటితే కాల్చకూడదు అనేవన్నీ నీకే అర్థమవుతాయి.

ఘన సెంటీమీటరు సీసం 11.34 గ్రాములు తూగుతుంది. రాగి 8.96 గ్రాములే. వ్యాసం మారదు కాబట్టి అంతే బరువు రావాలంటే రాగి బుల్లెట్ పొడుగు పెరగాలి, వేరే దారి లేదు. ఇది మొదటి సంగతి. రెండోది గట్టితనం. రాగి తొడుగులో ఉన్న సీసం మెత్తనిది, వేగం బాగా తగ్గాక తగిలినా చితికి వెడల్పవుతుంది. రాగి అలా లొంగదు. దాని ముక్కులో ఒక గుంట తొలిచి ఉంటుంది. ఒంట్లో తడి కండరం ఆ గుంటలోకి ఒత్తుకుపోయి గోడలను చీల్చాలి, అప్పుడే రేకులు వెనక్కి విచ్చుకుంటాయి. ఆ ఒత్తిడి వేగం వల్లే పుడుతుంది. వేగం చాలకపోతే గుంట మూసుకునే ఉండిపోతుంది. బుల్లెట్ సన్నటి కన్నం చేసుకుని అవతలికి పోతుంది, జంతువు గాయంతో పారిపోయి ఎక్కడో బాధపడి చస్తుంది. మనం తప్పించాల్సింది దాన్నే.

అందుకే నా మాట: ఒక మెట్టు తేలికది తీసుకో, వేగంగా పంపు. సీసంలో 180 వాడేవాడు రాగిలో 150 దగ్గర మొదలుపెట్టాలి. ఎల్క్ (పెద్ద జాతి జింక) లాంటి పెద్ద జంతువైతే 165 లేదా 168. "తేలికైతే లోతుకు దిగదేమో" అని భయపడకు. మామూలు సీసపు బుల్లెట్ ఎముకకు తగిలితే బరువులో పెద్ద భాగం ముక్కలుగా రాలిపోతుంది, దిగే కొద్దీ మిగిలేది తక్కువ. మంచి రాగి బుల్లెట్ విచ్చుకున్నాక కూడా దాదాపు పూర్తి బరువుతోనే ముందుకు పోతుంది. 150 గ్రెయిన్ల రాగి చివరిదాకా సుమారు 150గానే ఉంటుంది కాబట్టి 180 గ్రెయిన్ల సీసం చేసే పని దానికి కష్టం కాదు. .270 క్యాలిబర్ రైఫిల్ ఉన్నవాళ్లు 130 వాడొచ్చు, .308 వాళ్లు 130 నుంచి 150 వరకు, .243 వాళ్లు 80 లేదా 85. ఈ బరువులు ఎన్నో చోట్ల నిలబడ్డవే.

రాగిలోనూ రెండు జాతులున్నాయి. రేకులు విచ్చుకుని ఒంటినే అంటిపెట్టుకుని ఉండేవి ఒక రకం. బార్న్స్ వారి టీఎస్‌ఎక్స్, ముక్కున ప్లాస్టిక్ మొన ఉన్న టీటీఎస్‌ఎక్స్ అలాంటివి. నోస్లర్ ఇ-టిప్, హార్నడీ సీఎక్స్ కూడా ఈ కోవలోవే. రెండో రకం బుల్లెట్లలో రేకులు కావాలనే తెగిపోయి చుట్టూ చెదురుతాయి, మొండెం మాత్రం నేరుగా దూసుకుపోతుంది. హ్యామర్, కటింగ్ ఎడ్జ్ వాళ్లు చేసేవి అవి. ప్రాణం త్వరగా పోవాలంటే రెండోదే మేలని వాదించేవాళ్లున్నారు. నేను మాత్రం నీకు మొదటి రకమే చెప్తాను. దాని లోడ్ డేటా (ఏ పౌడర్ ఎంత పొయ్యాలో చెప్పే పట్టిక) విరివిగా దొరుకుతుంది, నేర్చుకునేవాడికి అది చాలా ముఖ్యం. ప్లాస్టిక్ మొన ఉన్నది తీసుకో. ఆ మొన లోపలికి గుచ్చుకుని గుంట తెరుచుకోవడానికి సాయపడుతుంది.

పాత పుస్తకాల్లోనో, పెద్దవాళ్ల మాటల్లోనో "రాగి బుల్లెట్ బ్యారెల్‌ను పాడుచేస్తుంది, ఒత్తిడి పెంచుతుంది" అని నీకు ఎదురవుతుంది. అది పూర్తిగా అబద్ధం కాదు. 1989లో బార్న్స్ మొదట తెచ్చిన ఎక్స్ బుల్లెట్ ఒళ్లంతా నున్నగా ఉండేది. మొత్తం ఒరుసుకుంటూ పోయి బ్యారెల్‌లో రాగి పూత వదిలేది. 2003లో వచ్చిన టీఎస్‌ఎక్స్‌కి ఒంటి చుట్టూ గాడులు పెట్టారు. రైఫిలింగ్ (బుల్లెట్‌ను తిప్పడానికి బ్యారెల్ లోపల మెలిక తిరిగి ఉండే గట్లు) నొక్కినప్పుడు రాగి ఆ గాడుల్లోకి జరగడానికి చోటు దొరికింది, ఒరిపిడీ ఒత్తిడీ తగ్గాయి. ఇప్పుడు దొరికే మంచి బుల్లెట్లన్నీ దాదాపు ఆ దారిలోవే.

ఇక పొడుగు తెచ్చే మొదటి చిక్కు మెలిక, అంటే రైఫిలింగ్ ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుందన్నది. గాల్లో బుల్లెట్ తల తిరగకుండా నిలవడానికి కావలసిన భ్రమణం ప్రధానంగా దాని పొడుగును బట్టి ఉంటుంది, బరువు ఆ తర్వాతే. నీ థర్టీ-నాట్-సిక్స్ బ్యారెల్‌లో సాధారణంగా 10 అంగుళాలకు ఒక చుట్టు ఉంటుంది, 150కీ 168కీ ధారాళంగా సరిపోతుంది. నీ స్నేహితుడి పాత .308లో 12 అంగుళాలకు ఒక చుట్టు ఉండొచ్చు, అతను పొడుగాటి రాగి బుల్లెట్ జోలికి పోకూడదు. పాత .223లదీ అదే బాధ. కాటలాగ్ నమ్మకుండా కొలుచుకోవడమే మంచిది. పిడి స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్‌కి బిగుతుగా గుడ్డ చుట్టి బ్యారెల్‌లోకి దించు, రాడ్ మీద ఒక గుర్తు పెట్టు, ఆ గుర్తు పూర్తిగా ఒక చుట్టు తిరిగి మళ్లీ పైకి వచ్చేదాకా ఎన్ని అంగుళాలు లోపలికి పోయిందో చూడు. ఆ అంకె, బుల్లెట్ పొడుగు, వేగం వేస్తే మిల్లర్ సూత్రం ప్రకారం స్థిరత్వపు అంకె వస్తుంది. కాలిక్యులేటర్లు బోలెడు. 1.5కి తగ్గకుండా చూసుకో. చలికాలపు ఉదయం గాలి చిక్కగా ఉంటుంది, స్థిరత్వం తగ్గుతుంది. ఎండలో రేంజ్ మీద లెక్క అంచున నెగ్గిన బుల్లెట్ గడ్డకట్టే చలిలో తడబడొచ్చు.

రెండో చిక్కు కేస్ (పౌడర్ పట్టే ఇత్తడి గొట్టం) లోపల. పొడుగాటి బుల్లెట్ మేగజైన్‌లో పట్టాలంటే కేస్‌లోకి ఎక్కువ దిగాలి, పౌడర్ చోటు తింటుంది. చోటు తగ్గితే అదే పౌడర్‌కు ఒత్తిడి పెరుగుతుంది. పైగా రాగి గట్టిది కనుక రైఫిలింగ్‌లోకి దూరేటప్పుడు ఎదురు తిరుగుతుంది. కాబట్టి ఒరేయ్, ఇది గట్టిగా పట్టుకో: సీసపు బుల్లెట్‌కి రాసిన లోడ్ డేటాను, బరువు ఒకటే అయినా సరే, రాగి బుల్లెట్‌కి వాడకూడదు. నీ చేతిలో ఉన్న బుల్లెట్‌కి దాన్ని తయారుచేసినవాళ్లు ఇచ్చిన డేటానే చూడు, అందులో చెప్పిన ప్రారంభ కొలతతోనే మొదలుపెట్టు. పౌడర్ పేరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. హెచ్4350, ఐఎంఆర్4350 రెండిట్లో అంకె ఒకటే, పౌడర్లు వేరు, డేటా వేరు. వేటకి నేను హెచ్4350 వైపు మొగ్గుతాను. ఎండకీ చలికీ దాని వేగం పెద్దగా మారదు.

పనిముట్ల గురించి ఎక్కువ చెప్పను. ప్రెస్, నీ క్యాలిబర్‌కి డైలు (కేస్‌ను సరిచేసి బుల్లెట్ దించే అచ్చులు), నమ్మకమైన త్రాసు, దాన్ని సరిచూసే తూకపు రాళ్లు, కాలిపర్, కేస్ ట్రిమ్మర్, ప్రైమర్ (కేస్ అడుగున ఉండి పౌడర్‌ను అంటించే చిన్న టోపీ) ఎక్కించే పనిముట్టు, కళ్లద్దాలు. క్రోనోగ్రాఫ్ మాత్రం "తర్వాత కొంటాలే" అనుకోకు. రాగి బుల్లెట్ బతుకంతా వేగం మీద ఉన్నప్పుడు ఆ వేగం కొలవకుండా నింపడం గుడ్డిలెక్క. బల్ల మీద ఒక్క పౌడర్ డబ్బానే ఉండాలి, పని అయ్యాక తొట్టిలో మిగిలింది అదే డబ్బాలోకి పోయాలి. ఫోను వేరే గదిలో పెట్టు.

కేస్ సిద్ధం చేసేటప్పుడు మూతి లోపలి అంచు నున్నగా చెక్కు. లేకపోతే ఆ అంచు రాగిని గీరేస్తుంది. సీటింగ్ డైలో బుల్లెట్‌ను నొక్కే కాడ ప్లాస్టిక్ మొనకు తగలకుండా ముక్కు భుజాల మీద ఆనాలి. మొన వంకరపోయిన తూటాలు కనిపిస్తే తప్పు అక్కడే. పొడుగాటి మొనలకు తగిన కాడ విడిగా దొరుకుతుంది.

బుల్లెట్‌ను ఎంత లోతుకు దించాలన్నది చాలామంది పట్టించుకోరు. సీసంతో అలవాటైనవాళ్లు రైఫిలింగ్‌కు ఆనించి, లేదా వెంట్రుకవాసి దూరంలో ఉంచితేనే గురి కుదురుతుందంటారు. రాగికి అది పనికిరాదు, ప్రమాదం కూడా. దానికి పరుగెత్తడానికి చోటివ్వాలి. రైఫిలింగ్‌కు 0.050 అంగుళాల దూరంలో మొదలుపెట్టు, గ్రూపు (టార్గెట్ మీద కన్నాలు పడ్డ గుంపు) నచ్చకపోతే ఇంకా వెనక్కి జరిపి చూడు. కొలిచేటప్పుడు మొన నుంచి కొలవకు. మొనలు ఒకదానికొకటి తేడాగా ఉంటాయి. కాలిపర్‌కి కంపారేటర్ అనే తొడుగు పెట్టి, కేస్ అడుగు నుంచి బుల్లెట్ ఒంపు మీద రైఫిలింగ్ తాకే చోటు వరకు కొలువు. మేగజైన్‌లో పట్టేంత పొట్టిగా ఉండాలన్న షరతు ఎలాగూ ఉంది.

పౌడర్‌ను ప్రారంభ కొలత నుంచి అర గ్రెయిన్ కంటే తక్కువ మెట్లలో పెంచుకుంటూ పో. ప్రతి మెట్టులో వేగం రాయి, కాల్చిన కేస్ అడుగు చూడు. ప్రైమర్ చదునవడం, కేస్ అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేస్‌ను బయటికి నెట్టే భాగం) అచ్చు పడడం, బోల్ట్ ఎత్తడానికి బలం పెట్టాల్సి రావడం, వీటిలో ఏది కనిపించినా అక్కడితో ఆపు, ఒక మెట్టు కాదు రెండు దిగు. అయితే ఈ గుర్తులు కనిపించేసరికే ఒత్తిడి హద్దు దాటి ఉండొచ్చు. థర్టీ-నాట్-సిక్స్‌కి ఆ హద్దు చదరపు అంగుళానికి 60,000 పౌండ్లు, దాన్ని కంటితో కొలవలేం. అందుకే క్రోనోగ్రాఫ్ మాట వినమంటున్నాను. పుస్తకంలో గరిష్ఠ కొలతకు రాసిన వేగం నీకు అంతకంటే తక్కువ పౌడర్‌తోనే వచ్చేసిందనుకో, నీ రైఫిల్ హద్దుకు చేరిందని అర్థం. ఇంకా పౌడర్ పట్టే చోటుంది కదా అని పొయ్యకు. బ్యారెల్ పొట్టిదైతే పుస్తకం వేగం నీకు రాకపోవచ్చు. ఒక్కో అంగుళానికి సెకనుకు 20, 30 అడుగులు పోతాయి. దాన్ని పౌడర్‌తో పూడ్చబోకు, దూరం తగ్గించుకో.

ఆ దూరం లెక్క ఇలా. ప్రతి బుల్లెట్‌కి విచ్చుకోవడానికి కావలసిన కనీస వేగం తయారీదారు చెప్తాడు. చాలావాటికి అది సెకనుకు 1,800 అడుగుల చుట్టుపక్కల ఉంటుంది. నేను దానిమీద ఇంకో 200 కలుపుకుంటాను. జంతువును తాకేటప్పటికి సెకనుకు 2,000 అడుగులు ఉండాలి, అంతకు తగ్గే దూరంలో నేను కాల్చను. నీ రైఫిల్ వేగం కాలిక్యులేటర్‌లో పెట్టి, 2,000కి ఎక్కడ తగ్గుతుందో చూసి, ఆ దూరం రైఫిల్ పిడి (స్టాక్) మీద అంటించుకో. ఆ దూరం అవతల ఎంత పెద్ద కొమ్ముల జింక నిలబడినా సరే, అది నీది కాదు.

కొత్త బుల్లెట్ కాల్చే ముందు బ్యారెల్‌ను లోహం కనిపించేదాకా శుభ్రం చెయ్యి. పాత బుల్లెట్ల తొడుగులు వదిలిన పూత మీద కొత్తది సరిగా కూర్చోదు, గ్రూపులు చెదిరితే నేరం బుల్లెట్ మీద వేస్తాం. రాగి తీసే ద్రావణం పోసిన గుడ్డ నీలంగా వస్తుంటే ఇంకా రాగి ఉన్నట్టు. ఇత్తడి, కంచు బ్రష్షులతో రుద్దితే మాత్రం ఆ నీలం బ్రష్షుదే కావచ్చు. నైలాన్ బ్రష్షు వాడు.

గురి పెట్టే చోటు కూడా కొంచెం మారాలి. సీసం ముక్కలై చెదరడం వల్ల ఊపిరితిత్తుల్లో గాయం వెడల్పుగా ఉంటుంది. విచ్చుకుని ఒకటిగా పోయే రాగి ఇరుకైన దారి చేస్తుంది. ఎముక తాకకుండా పక్కటెముకల వెనక నుంచి దూరితే జంతువు కొంత దూరం పరుగెత్తుతుంది. పక్కగా నిలబడ్డప్పుడు భుజం ఎముక మీదకు గురిపెట్టు. రాగి ఎముకను పగలగొట్టుకుంటూ పోతుంది, జంతువు అక్కడే పడిపోతుంది. అవతలి పక్క కన్నం దాదాపు ఎప్పుడూ ఉంటుంది, రక్తపు జాడ బాగా దొరుకుతుంది. అవతలికి పోయేది కూడా గట్టి ముద్దే కాబట్టి జంతువు వెనక మట్టి దిబ్బ లేకుండా కాల్చనే కూడదు. ఎండాకాలం ఎండుగడ్డిలో బండరాళ్లు ఉన్న చోట మరీ జాగ్రత్త. అమెరికా అటవీ శాఖ 2013లో పరీక్షించి చూసింది. గట్టి లక్ష్యానికి తగిలి పగిలిన బుల్లెట్ల వేడి ముక్కలు ఎండుచెత్తను అంటించగలవు, ఘన రాగివి అందులో ముందు వరసలో ఉన్నాయి.

ఇంత శ్రమ ఎందుకని అత్తయ్య అడిగిందన్నావు. ఆమెకు ఇది చదివి వినిపించు. 2009లో సీసపు బుల్లెట్లతో వేటాడిన 30 తెల్లతోక జింకలకు ఎక్స్‌రే తీస్తే అన్నిట్లోనూ లోహపు తునకలు కనిపించాయి, ఒక్కోదాంట్లో 15 నుంచి 409 దాకా. గాయం చుట్టూ కోసి పారేస్తే పోవు, దూరానికి చెదిరి ఉంటాయి. ఆ మాంసం తినేది ఇంట్లో పిల్లలు. అడవిలో వదిలేసిన పేగులు తినేది రాబందులు, గద్దలు. కాలిఫోర్నియా కాండోర్ రాబందులు 1982 నాటికి 22 మిగిలాయి. వాటిని మళ్లీ అడవిలో వదిలాక కూడా సీసమే చంపుతోందని తేలింది. ఆ రాష్ట్రం 2019 జూలై 1 నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. డెన్మార్క్ 2024లో రైఫిల్ తూటాల్లోనూ సీసం ఆపేసింది. చట్టం నీ దాకా రాకముందే నువ్వు మారుతున్నావు, అందుకే నాకింత సంతోషం.

నింపిన ప్రతి పెట్టె మీద బుల్లెట్ పేరు, బరువు, పౌడర్, కొలత, తేదీ రాయి. మిగిలిన సీసపు తూటాలు వేరే అరలో పెట్టు. రెండూ ఒకే జీరోకి (గురి సరిచేసిన చోటుకి) కొట్టవు, వేటరోజు జేబులో కలిసిపోతే నష్టం జంతువుకి. ముందు బ్యారెల్ మెలిక కొలిచి నాకు రాయి, ఆ తర్వాతే బుల్లెట్లు కొను. మొదటి మెట్ల వేగాలూ టార్గెట్ కాగితాలూ పంపిస్తే ఏ కొలత దగ్గర ఆగాలో ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
మామయ్య