గ్యాస్ మందు సంగతి తర్వాత, ముందు ఈసీజీ తీయించండి

ప్రశ్న: మా అమ్మకు 56 ఏళ్లు, 14 ఏళ్లుగా షుగర్ ఉంది. రెండు వారాలుగా మెట్లెక్కినా, బిందె ఎత్తినా ఆయాసం, పొట్ట పైభాగంలో మంట, చెమటలు. కూర్చుంటే తగ్గుతోంది. మెడికల్ షాపులో ఇచ్చిన గ్యాస్ మాత్రలు వేస్తున్నాం. ఇంకా మంచివి చెప్పగలరా? నాకు 34, సిగరెట్ అలవాటుంది.
– ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: గ్యాస్ మందు పేరు నేను రాయను. పని చేస్తే వచ్చి కూర్చుంటే తగ్గుతోందన్నారు, నన్ను భయపెట్టింది ఆ మాటే. అలాంటి మంటను, కాదని తేలేదాకా, మేం గుండె నొప్పిగానే చూస్తాం. చూడకుండా ఇదే జబ్బని చెప్పలేను గానీ, ఈ రెండు వారాలూ షాపు చుట్టూ తిరగకుండా ఉండాల్సింది.

ఛాతీలో నొప్పి లేదు కదా అంటారేమో. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకు నరాలు దెబ్బతిని ఆ నొప్పి తెలియకపోవచ్చు. ఆడవాళ్లలో, బాగా పెద్ద వయసువాళ్లలో కూడా ఒక్కోసారి ఆయాసం, వికారం, దవడ నొప్పి, ఎప్పుడూ లేని నీరసం, ఇంతే ఉంటుంది. గ్యాసే అనుకుని రాత్రంతా వాము నములుతూ, సోడా తాగుతూ గడిపి తెల్లారాక వచ్చేవాళ్లను చూస్తూనే ఉంటాను. రక్తనాళం మూసుకుపోతే గంట గంటకూ గుండె కండరం చచ్చిపోతుంది, అది మళ్లీ రాదు.

అమ్మను ఈరోజే గుండె డాక్టర్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే రక్త పరీక్ష), ఎకో (గుండె స్కాన్) చేస్తారు. మంట లేనప్పుడు తీసిన ఈసీజీ నార్మల్‌గా రావచ్చు, అది చూసి ఇంటికి వచ్చేయకండి. అప్పటిదాకా మెట్లు, బరువులు వద్దు. కూర్చున్నా తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి, బైక్ మీద మాత్రం వద్దు. వాట్సాప్‌లో చూసి నాలుక కింద మాత్రలు మీ అంతట మీరు పెట్టకండి, బీపీ తక్కువగా ఉంటే ఇంకా పడిపోయి స్పృహ తప్పుతారు. షుగర్ మందులు మాత్రం ఆపొద్దు.

మీ గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను. మనవాళ్లకు గుండె జబ్బు చిన్న వయసులోనే వస్తోంది. 65 లోపే అమ్మకు ఉందని తేలితే మీకూ రిస్కు పెరిగినట్టే, పైగా సిగరెట్. అది మానేసి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి.

ఆస్పత్రికి పాత రిపోర్టులు, షుగర్ మందుల చీటీ, ఆ గ్యాస్ మాత్రల స్ట్రిప్ కూడా పట్టుకెళ్లండి.