చమురు తెట్టు: నల్లమచ్చల గుట్టు

ప్రశ్న: రాడార్‌కు రంగులు తెలియవు కదా! ఉపగ్రహ చిత్రంలో సముద్రం మీది చమురు నల్లగా ఎలా కనిపిస్తుంది?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: రాడార్ పసిగట్టేది నీటి గరుకుదనాన్ని. గాలి వీస్తే నీటి మీద చిన్న చిన్న అలలు లేస్తాయి. ఐరోపా రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 పంపే తరంగం పొడవు సుమారు 5.6 సెం.మీ. అది ఏటవాలుగా వచ్చి, దాదాపు 5 సెం.మీ. పొడవున్న అలలకు తగిలి వెనక్కి మళ్లుతుంది. చమురు పరుచుకుంటే ఆ అలలు అణిగి నీరు నున్నబడుతుంది. తరంగం అవతలికి జారిపోతుంది, తిరిగొచ్చేది తగ్గుతుంది. అదే ఆ నలుపు. దీనికి చీకటీ మబ్బూ అడ్డు కావు.

ప్రశ్న: సెంటినెల్-1 చిత్రం దించుకుని ఉపగ్రహ చిత్రాలను విశ్లేషించే స్నాప్ సాఫ్ట్‌వేర్‌లో చమురు గుర్తించే టూల్ నడిపాను. విశాఖ ముందున్న సముద్రమంతా మచ్చలే చూపించింది. తప్పెక్కడ?
– పరిశోధక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ముందు బ్యాండ్ చూసుకోండి. వీవీ (నిలువుగా కంపించే తరంగం పంపి నిలువుదాన్నే అందుకునేది) వాడాలి. వీహెచ్‌లో (నిలువుగా పంపి అడ్డంగా అందుకునేదానిలో) సముద్రం నుంచి వచ్చే సంకేతం బాగా బలహీనం. పరికరం సొంత రొదలో కలిసిపోతుంది కాబట్టి చమురుకీ నీటికీ తేడా దొరకదు. తర్వాత వరస: క్యాలిబ్రేషన్ (సంకేతాన్ని సరైన కొలతలోకి మార్చడం), స్పెకిల్ ఫిల్టర్ (చిత్రంలోని చుక్కల గరుకును తగ్గించడం), నేల మాస్క్ (నేల భాగాన్ని తీసేయడం), ఆపైన గుర్తింపు. చాలామంది నేల మాస్క్ దగ్గరే జారిపోతారు. ఈ టూల్ చిత్రంలోని ప్రతి చుక్క (పిక్సెల్) మెరుపునూ చుట్టుపక్కల సగటుతో పోల్చి, అంతకన్నా సుమారు 2 డెసిబెల్స్ (సంకేతం బలాన్ని పోల్చే కొలత) తగ్గితే మచ్చ అంటుంది. మెరిసే నేల ఆ సగటులో కలిస్తే సగటు పెరిగిపోతుంది, ఒడ్డు వెంబడి మంచి నీరు కూడా మచ్చగా తేలుతుంది. 0.1 చదరపు కిలోమీటరు కన్నా చిన్న ముక్కలను వదిలేయండి.

ఇవన్నీ సరిగ్గా చేసినా మచ్చలు మిగిలితే గాలిని అనుమానించాలి. సెకనుకు 2–3 మీటర్ల లోపు గాలి ఉంటే సముద్రమే నున్నగా ఉంటుంది, అంతా నలుపే. 10–12 మీటర్లు దాటితే అలలు విరిగి చమురును కిందికి కలిపేస్తాయి, ఉన్న తెట్టు కూడా కనబడదు. ఈ ఉపగ్రహం మన మీదుగా తెల్లవారి ఆరు, సాయంత్రం ఆరు ప్రాంతాల్లో వెళ్తుంది. తెల్లవారుజామున తీరం దగ్గర గాలి పడిపోవడం మామూలే. ఈఆర్ఏ5 అనే ఐరోపా వాతావరణ సమాచార నిధిలో గాలి వివరాలు గంటగంటకూ దొరుకుతాయి కానీ వాటి గడి పాతిక కిలోమీటర్ల పైనే. కొండ చాటునో, బ్రేక్‌వాటర్ (అలలను ఆపే గోడ) వెనకో గాలి లేని చిన్న జాగా అందులో కనిపించదు.

ఇక ఆకారం. ఓడ వదిలిన చమురు సన్నటి గీతలా సాగుతుంది; ఓడ ఇంకా అక్కడే ఉంటే గీత కొసన తెల్లటి చుక్క మెరుస్తుంది. చమురులాగే నల్లగా కనిపించే నాచు అయితే సుడులు తిరుగుతుంది. సముద్రపు రంగును చూసే మన ఉపగ్రహం ఓషన్‌శాట్-3 చిత్రంతో సరిచూడండి. వేర్వేరు తేదీల్లో ఒకే చోట మచ్చ వస్తుంటే సముద్రగర్భం నుంచి ఊరే చమురో, పైపు లీకో కావచ్చు. గాలి సరిచూడకుండా ఏ మచ్చనూ చమురని రాయకండి. ఒక తప్పుడు కబురుకు వెతుకుడు విమానం వృథాగా లేస్తుంది, వేట పడవలు ఒడ్డునే ఆగిపోతాయి.

ప్రశ్న: ఎంత చమురు ఒలికిందో చిత్రం చెబుతుందా?
– ఒక పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: మామూలు రాడార్ చిత్రం విస్తీర్ణం చెబుతుంది, మందం చెప్పలేదు. 2017 జనవరి 28న ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొన్నాక ఒడ్డుకు చేరిన జిడ్డును బకెట్లతో ఎత్తారు. అంత చిక్కటి చమురూ, పలచటి పొరా రాడార్‌కు ఇంచుమించు ఒకే నలుపు. మందానికి విమానంలోంచి కంటిచూపే ప్రధాన ఆధారం. సముద్ర కాలుష్యంపై ఉత్తర సముద్ర తీర దేశాలు చేసుకున్న బాన్ ఒప్పందం పట్టిక ప్రకారం వెండి మెరుపు పొర చదరపు కిలోమీటరుకు 40–300 లీటర్లు, ఇంద్రధనుస్సు రంగులైతే 300–5,000, లోహపు మెరుపైతే 5,000–50,000. పరారుణ కెమెరాలో పగలు మందపు చమురు వేడిగా, మధ్యస్థపు పొర చల్లగా కనిపిస్తుంది. అందుకే తెట్టు నడిబొడ్డు ఎక్కడుందో తెలుస్తుంది; తోడే పడవలను పంపాల్సింది అక్కడికే.

ప్రశ్న: తెట్టు ఎటు పోతుందో ముందే తెలుస్తుందా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: స్థూలంగా నీటి ప్రవాహం మొత్తానికి గాలి వేగంలో 3 శాతం కలపాలి. సెకనుకు 8 మీటర్ల గాలి అంటే 0.24 మీటర్లు, ప్రవాహం లేదనుకుంటే ఆరు గంటల్లో సుమారు 5 కిలోమీటర్లు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఈ లెక్కనే వివరంగా కట్టి చమురు ఏ తీరాన్ని తాకవచ్చో సూచనలిస్తుంది. ఇదే లెక్కను వెనక్కి నడిపి, ఆ వేళకు అక్కడున్న ఓడల ఏఐఎస్ (ఓడ తన ఉనికిని తానే ప్రసారం చేసే పరికరం) జాడలతో పోలిస్తే చమురు వదిలిందెవరో కూడా అనుమానించవచ్చు. కానీ ఆ ఓడ ఏఐఎస్ ఆపేసి ఉంటే జాడ ఉండదు.