కొండ కింద ఊరికి శాటిలైట్ ఇంటర్నెట్

ప్రశ్న: మాది మందస మండలం, కొండ కింద ఊరు. ఫోన్లో ఒక గీతకు మించి సిగ్నల్ రాదు. స్టార్‌లింక్ లాంటి ఉపగ్రహ ఇంటర్నెట్ మాకు పనికొస్తుందా? చుట్టూ కొబ్బరి, జీడి తోటలే.

జవాబు: ఫైబర్ తీగ మీ ఊరి దాకా వచ్చి ఉంటే ముందు అదే తీసుకోండి. రాకపోతే ఇది పనికొస్తుంది. పాతరకం ఉపగ్రహాలు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి, అడిగిన దానికి బదులు రావడానికి అర సెకను పడుతుంది. స్టార్‌లింక్ ఉపగ్రహాలు 550 కిలోమీటర్ల దగ్గర్లో తిరుగుతాయి కనుక వీడియో కాల్ తడబడదు.

మీకు అసలు చిక్కు కొబ్బరి మట్టలతోనే. ఉపగ్రహం నిమిషాల్లో దాటిపోతుంది, మీ ఇంటి దగ్గర పెట్టే డిష్ మరోదాన్ని అందుకోవాలి. అందుకే ఆకాశం విశాలంగా కనబడాలి. చెట్టు డిష్ కన్నా 20 అడుగులు ఎత్తుంటే కనీసం 40 అడుగుల ఎడం ఉండాలి. మట్ట అడ్డొస్తే డౌన్‌లోడ్ నడుస్తుంది గాని కాల్ మాత్రం తెగిపోతుంది. పెరట్లో వద్దు, డాబా మీద పైపుకు బిగించండి. 2018 తిత్లీ తుఫాను గాలిని చూసినవాళ్లం, సిమెంటు దిమ్మలో బోల్టులు దింపకుండా వదలకండి.

డిష్, రౌటర్ కలిపి 75 నుంచి 100 వాట్లు లాగుతాయి. 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీని సగం వరకే వాడితే ఏడెనిమిది గంటలు వస్తుంది. కుండపోత వానలో నెట్ కాసేపు ఆగుతుంది, దానికి మందు లేదు.

ఇంటికొకటి కొనే కన్నా బడికో గ్రామ సచివాలయానికో ఒకటి పెట్టించమని అడగండి. ఊరంతా ఒకే కంపెనీ మీద ఆధారపడకూడదు, ఫైబర్ కోసం అర్జీ మాత్రం మానకండి.