పంది కిడ్నీ మన ఒంటికి పడుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాయనకు వారానికి మూడుసార్లు డయాలసిస్. తెల్లారకముందే కడప బస్సెక్కుతాం. పంది కిడ్నీ పెడితే ఒళ్లు ఒప్పుకుంటుందా?
– ఒక కూతురు, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, ఆ బస్సు దిగి నాయన చెయ్యి పట్టుకొచ్చే పిల్లల్ని రోజూ చూస్తుంటాను. మీ ఆరాటం నాకు తెలుసు. పంది కణాల మీద ఆల్ఫా-గాల్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని పట్టే యాంటీబాడీలు, అంటే పరాయివాటి మీద దాడిచేసే రక్షకాలు, మన రక్తంలో ముందే కాచుకుని ఉంటాయి. మామూలు పంది కిడ్నీ పెడితే గంటల్లోనే రక్తం గడ్డకట్టి నల్లబడిపోతుంది. అందుకే అలాంటి చక్కెరలు తయారుచేసే మూడు జన్యువులు తీసేసి, మనిషివి ఏడు చేర్చారు. ఆ కిడ్నీని 2024 మార్చిలో బోస్టన్‌లో ఒకాయనకు పెడితే పనిచేసింది. ఆయన రెండు నెలలకే పోయారు, పాపం. ఇమ్యూనిటీ తగ్గించే మందులు ఎలాగూ తప్పవు. ఇదింకా పరిశోధనే తల్లీ. డయాలసిస్ ఒక్కటీ మాననీయకండి, దాతల అవయవాలు ఇప్పించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో కిడ్నీ కోసం నాయన పేరు రాయించండి.