రెవిట్‌లో 2బీహెచ్‌కే గ్రూప్ ఎర్రర్: గోడల టాప్ కన్‌స్ట్రెయింట్ చూడండి

రెవిట్ (భవనాల డిజైన్ సాఫ్ట్‌వేర్)లో 2బీహెచ్‌కే ఫ్లాట్‌ని గ్రూప్‌గా, అంటే ఒకచోట మారిస్తే అన్ని కాపీల్లో మారే సెట్‌గా, పెట్టుకున్న మీకొస్తున్న ఎర్రర్‌కి కారణం దాదాపుగా గోడలే. గ్రూప్‌లో ఒక తలుపు జరిపితే ‘ఫిక్స్ గ్రూప్స్’ అనే ఎర్రర్ వస్తోందని మీ ప్రశ్నలో అన్నారు, గ్రౌండ్ ఫ్లోర్ ఎత్తు వేరని కూడా రాశారు. గోడ పైభాగం (టాప్ కన్‌స్ట్రెయింట్) పై అంతస్తు లెవెల్‌కి కట్టి ఉంటే ఒక్కో అంతస్తులో ఒక్కో ఎత్తు వస్తుంది. అప్పుడది ఒకే గ్రూప్‌గా నిలవదు.

1. ముందు ఫైల్ కాపీ తీసి పెట్టుకోండి.

2. ఎడిట్ గ్రూప్‌లో గోడలన్నీ సెలెక్ట్ చేసి, టాప్ కన్‌స్ట్రెయింట్ ‘అన్‌కనెక్టెడ్’ పెట్టి ఎత్తు అంకెల్లో ఇవ్వండి, 2850 మి.మీ. లాగా. చాలామంది వదిలేసేది ఇదే. స్లాబ్‌కి అటాచ్ చేసిన గోడ ఒక్కటి మిగిలినా కథ మళ్లీ మొదటికొస్తుంది, డిటాచ్ చేయండి. గ్రౌండ్ ఫ్లోర్‌కి గ్రూప్‌ని డూప్లికేట్ చేసి వేరే టైప్ పెట్టుకోండి.

3. తలుపు ఉన్న గోడ గ్రూప్ లోపలే ఉండాలి. రెండు ఫ్లాట్ల ఉమ్మడి గోడ మాత్రం బయటే ఉంచండి.

4. గ్రూప్‌ని విడి ఫైల్‌గా మార్చి లింక్ చేయాలనుకుంటే, ఇది కుదిరాకే గ్రూప్ మీద ‘లింక్’ నొక్కి విడి ఫైల్ చేయండి. పేరులో తేదీ వద్దు, పేరు మారితే లింక్ తెగుతుంది. షెడ్యూల్‌ (తలుపుల లెక్క పట్టిక)లో ‘ఇన్‌క్లూడ్ ఎలిమెంట్స్ ఇన్ లింక్స్’ టిక్ చేయకపోతే ఫ్లాట్ల తలుపులు లెక్కలోకి రావు.