సగం కత్తి, వదులు కాళ్లు

ప్రశ్న: చిన్నప్పుడు హీ-మ్యాన్ కార్టూన్ అంటే పిచ్చి. ఇప్పుడు ఆ పాత బొమ్మలు సేకరించడం మొదలుపెట్టాను. ఒకాయన దగ్గర హీ-మ్యాన్ దొరికింది. వీపు మీద 1981 అని అచ్చు ఉంది కాబట్టి మొట్టమొదటి బ్యాచ్ అంటూ చాలా ఎక్కువ అడుగుతున్నాడు. కత్తి చూస్తే ఒకవైపు చదునుగా, సగం విరిగినట్టుంది. కాళ్లు వేలాడుతున్నాయి. కొనచ్చా?

జవాబు: కొనండి, కానీ ఆ 1981 కోసం పైసా ఎక్కువ ఇవ్వకండి. అది కాపీరైట్ సంవత్సరం. మాటెల్ కంపెనీ ఈ బొమ్మల్ని అమ్మకానికి తెచ్చిందే 1982లో, ఆ తర్వాత తయారైన వాటి వీపు మీదా అదే అంకె కనిపిస్తుంది. ఆయన మోసం చేస్తున్నాడని అనను, చాలామంది అమ్మేవాళ్లకి ఈ సంగతి నిజంగానే తెలియదు.

కత్తి విరగలేదండీ, అది పుట్టుకతోనే అంత! హీ-మ్యాన్‌కి ఒక సగం, అతని శత్రువు స్కెలిటార్‌కి ఇంకో సగం ఇచ్చారు, చదునువైపులు రెండూ కలిపి నొక్కితే ఒకే కత్తి అవుతుంది. కార్టూన్‌లో హీ-మ్యాన్ పైకెత్తేది నిండు కత్తి కాబట్టి మీకు అనుమానం వచ్చింది, కానీ ఆ కార్టూన్ 1983లో, అంటే బొమ్మల తర్వాత వచ్చింది. బొమ్మతో పాటు ప్యాక్‌లో పెట్టిన తొలి బుల్లి కామిక్స్‌లో, కార్టూన్‌లో హీ-మ్యాన్‌గా మారే ప్రిన్స్ ఆడమ్ అనేవాడే లేడు, హీ-మ్యాన్ తన తెగను వదిలి అడవిలోంచి వచ్చిన వీరుడు, గ్రేస్కల్ కోటలోకి దారి దొరకాలంటే కత్తి సగాలు రెండూ కలవాలి. నాకైతే ఆ మొరటు కథే ఎక్కువ నచ్చుతుంది.

కాళ్ల గురించి టెన్షన్ పడకండి. రెండు కాళ్లనీ లోపల ఒక రబ్బరు పట్టి ఉంచుతుంది, ఇన్నేళ్లకి అది ఎండి సాగిపోతుంది, కొత్తది వేసుకోవచ్చు. బేరం ఆడటానికి మాత్రం భలే పనికొస్తుంది! అసలు చూడాల్సింది నడుము. పక్కకి తిప్పి వదిలితే గుద్దు విసిరినట్టు చటుక్కున వెనక్కి రావాలి. ఆ స్ప్రింగు పోతే బాగుచేయడం కష్టం, ఎందుకంటే మొండెం విప్పడానికి వీలుగా చేసింది కాదు. గొడ్డలి, డాలు, ఛాతీ కవచం కూడా ఉన్నాయేమో అడగండి. ఇవి విడిగా నకిలీవి దొరుకుతాయి కాబట్టి మీకు తెలిసిన అసలు దాని పక్కన పెట్టి రంగు, అంచులు పోల్చి చూసుకోండి.

బొమ్మని రకరకాల భంగిమల్లో నిలబెట్టి చూసుకోవడమే సరదా అయితే, 2020లో వచ్చిన ఆరిజిన్స్ అనే కొత్త బొమ్మల వరుస చూడండి. దాదాపు పాత సైజే, మోకాళ్లూ మోచేతులూ వంగుతాయి.